బట్టలు ఒంటి మీద ఉండగా ఇస్త్రీ చెయ్యకూడదట

కొత్త చెప్పుల డబ్బాలో చిన్న తెల్ల పొట్లం ఒకటి వస్తుంది చూడండి, "డు నాట్ ఈట్" అని ఇంత లావు అక్షరాలతో. చెప్పుల డబ్బాలో దొరికింది తీసి నోట్లో వేసుకునేవాడు ఎవడుంటాడ్రా బాబూ అని నేనూ నవ్వేదాన్నే, మా పెద్దమ్మ ఓసారి ఆ పొట్లం చింపి గింజలు అరచేతిలో పోసుకుని "ఇదేంటే, పటికబెల్లమా?" అని అడిగేదాకా. ఆవిడ తప్పేం లేదు, సోంపు పంచదార మిరియాల పొడి అన్నీ ఇప్పుడు అలాంటి పొట్లాల్లోనే వస్తున్నాయి, ఆవిడకేమో ఇంగ్లీషు రాదు. (సిలికా జెల్ విషం ఏం కాదులెండి, తేమ పీల్చుకోడానికి వేస్తారు, చిన్నపిల్లలు మింగితే గొంతుకి అడ్డం పడుతుందని భయం.)

అప్పట్నించీ ఏది కొన్నా ముందు దాని మీద ఏం వద్దన్నారో చదవడం నాకు అలవాటైపోయింది. బట్టలు ఒంటి మీద ఉండగా ఇస్త్రీ చెయ్యరాదు. హెయిర్ డ్రయ్యర్ నిద్రపోతూ వాడరాదు. నిద్రలో జుట్టు ఆరబెట్టుకునేంత తీరిక ఎవరికుందో మరి. అమెరికాలో అయితే ఇలాంటి వాటికి ఏకంగా పోటీలు కూడా పెట్టారు, అర్థంపర్థం లేని కోర్టు కేసులు ఎక్కువైపోయాయని మిషిగన్‌లో ఒక సంస్థ మొదలుపెట్టింది, అందులో "ఈ వాషింగ్ మెషీన్లో మనుషుల్ని పెట్టకండి" అన్న లేబుల్ ఒకసారి గెలిచింది, టాయిలెట్ బ్రష్ మీద "ఒళ్లు తోముకోడానికి వాడకండి" అన్నది ఇంకోసారి గెలిచింది. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు వారానికొకటి ఇలాంటి ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడేస్తాడు, అందరూ నవ్వుతారు, ఎవరో ఒకరు చివర్లో "అమెరికావాళ్లకి బుర్ర లేదు, కాఫీ ఒలకబోసుకుని కోట్లు కొట్టేసిన ముసలమ్మ లేదూ" అంటారు. ఖచ్చితంగా అంటారు.

ఆ ముసలమ్మ సంగతి నేను కూర్చుని చదివా. 1992లో న్యూ మెక్సికోలోని ఆల్బుకర్కీలో స్టెల్లా లీబెక్ అని 79 ఏళ్ల ఆవిడ. కారు నడపట్లేదు, పక్క సీట్లో ఉంది, కారు కూడా ఆపే ఉంది. మెక్‌డొనాల్డ్స్ కాఫీ కప్పు మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత తియ్యబోతే ఒళ్లో ఒలికింది. వాళ్లు ఆ కాఫీని 180 నుంచి 190 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంచేవాళ్లు, మన లెక్కలో 82 నుంచి 88 సెల్సియస్, అంటే మరిగే నీళ్లకి కాస్త తక్కువ. తొడలు కాలిపోయి చర్మం అతికించాల్సొచ్చింది, ఎనిమిది రోజులు ఆస్పత్రి. ఆవిడ మొదట అడిగింది 20 వేల డాలర్లు, వైద్యం ఖర్చులకి. కంపెనీ 800 ఇస్తానంది! ఇక కోర్టుకెళ్తే అంతకుముందు పదేళ్లలో కాఫీకి కాలిన ఫిర్యాదులు 700 పైనే వచ్చాయని బయటపడింది. 1994లో జ్యూరీ వాళ్లకి మండి 27 లక్షల డాలర్లు జరిమానాగా వేశారు, కంపెనీకి అది రెండు రోజుల కాఫీ అమ్మకం అంతే, అది కూడా జడ్జి కోసేసి మొత్తం 6 లక్షల 40 వేలకి దించాడు, తర్వాత ఎంతో చెప్పకుండా బయట రాజీ పడిపోయారు. నన్ను ఆపేసిన విషయం ఏంటంటే, ఆ కప్పు మీద వేడిగా ఉంటుందన్న హెచ్చరిక అప్పటికే ఉంది! మరీ చిన్నగా ఉంది, సరిపోదు అన్నారు జ్యూరీ వాళ్లు. ఆ తర్వాత కప్పుల మీద అక్షరాలు పెద్దవయ్యాయి, మనం వాటిని ఫోటో తీసి నవ్వుకుంటున్నాం.

సినిమా మొదట్లో "ఇందులోని పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితం" అని వేస్తారు కదా, అదీ ఇలాంటి దెబ్బ తిని పుట్టిందే. 1932లో హాలీవుడ్ కంపెనీ ఎంజీఎం వాళ్లు, రష్యా రాజకుటుంబాన్ని గుప్పిట్లో పెట్టుకున్న రాస్‌పుటిన్ అనే సాధువు మీద సినిమా తీసి, మొదట్లోనే ఈ పాత్రల్లో కొందరు ఇంకా బతికే ఉన్నారని గొప్పగా వేసుకున్నారు. బతికున్న వాళ్లలో యూసుపోవ్ రాకుమారి ఒకావిడ, సినిమాలో తనని పోలిన పాత్ర ఉందని, పరువు తీశారని లండన్ కోర్టుకెక్కి 1934లో 25 వేల పౌండ్లు గెలిచింది. అంతే, హాలీవుడ్ అంతా ఒక్కసారిగా కల్పితం అయిపోయింది.

మన సినిమాల్లో తెర మూల వచ్చే పొగ హెచ్చరిక గురించి కొత్తగా చెప్పేదేముంది, 2012 అక్టోబర్ 2 నుంచి చూస్తూనే ఉన్నాం, 2023 సెప్టెంబర్ 1 నుంచి ఓటీటీలో కూడా. విలన్ చుట్ట వెలిగించుకుని పదిమందిని నరుకుతుంటే చుట్ట ఒక్కటే హానికరం అని వస్తుంది. అమెరికన్ డైరెక్టర్ వుడీ అలెన్‌కైతే ఆ హెచ్చరిక చూసి ఎంత ఒళ్లు మండిందంటే 2013లో తన సినిమా అసలు ఇండియాలో రిలీజే చెయ్యనివ్వలేదు. నెయ్యి డబ్బా మీద "పాలు ఉన్నాయి", పల్లీ చిక్కీ మీద "వేరుశనగ ఉంది" అని వేస్తారే, అది మాత్రం నేను వెక్కిరించను. అలర్జీ కలిగించేవి పేరుపెట్టి చెప్పాలన్నది రూలు, అలర్జీ ఉన్న పిల్లల తల్లులు వరసపెట్టి చదివేది ఆ ఒక్క లైనే.

సరే ఇంతకీ నా బాధేంటంటే, మనం ఈ ఇస్త్రీ పెట్టె బోర్డులు చూసి నవ్వుతున్నాం గానీ, నిజంగా పగలబడి నవ్వాల్సిన బోర్డులు మన కళ్లెదురుగా పెట్టుకుని వాటికి మాత్రం బుద్ధిగా తలూపుతాం. "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు". "పార్కింగ్ ఓనర్స్ రిస్క్". "మీ వస్తువులకు మీరే బాధ్యులు". ఫంక్షన్ హాల్లో చెప్పుల దగ్గర్నుంచి జిమ్ లాకర్ దాకా అందరూ ఒకటే పాట, యాజమాన్యం బాధ్యత వహించదు. డబ్బులు తీసుకునే బాధ్యత ఒక్కటి మాత్రం చక్కగా వహిస్తుంది. ఇస్త్రీ పెట్టెది చాదస్తమే అనుకోండి, కానీ కాలుద్దమ్మా అని నిజమే చెప్తోంది. ఈ బోర్డులు అలా కాదు, చాలాసార్లు చెల్లని మాట చెప్తున్నాయి.

ఢిల్లీలో ఒక ఫైవ్‌స్టార్ హోటల్‌కి 1998లో ఒకాయన మారుతీ జెన్‌లో వెళ్లి తాళాలు కారు పార్క్ చేసిపెట్టే హోటల్ కుర్రాడికిచ్చాడు, బయటికొచ్చి చూస్తే కారు లేదు, ఎవడో పట్టుకుపోయాడు. పార్కింగ్ స్లిప్పు మీద ఓనర్స్ రిస్క్ అని అచ్చేశాం కదా అంది హోటల్. 2019 నవంబర్లో సుప్రీం కోర్టు కుదరదంది, తాళాలు నీ చేతికిచ్చాక కారు జాగ్రత్త నీదే, నీ నిర్లక్ష్యాన్ని స్లిప్పు మీద రెండు ముక్కలు రాసి తప్పించుకోలేవు అని. ఇరవై ఒక్క ఏళ్లు పట్టిందనుకోండి, అది వేరే ఏడుపు.

తిరిగి తీసుకోబడదు అన్నదీ అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, లోపమున్న సరుకుని బిల్లు మీద రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బివ్వను అనడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపం ఉండాలి సుమా, రంగు మా ఆయనకి నచ్చలేదండీ అంటే కుదరదు. ఫిర్యాదుకి 1915 అని హెల్ప్‌లైన్ నంబరు కూడా ఉంది.

ఇది చదివిన ధైర్యంతోనే మొన్న ఒక బట్టల షాపుకి, పేరెందుకులెండి, కుట్టు ఊడిపోయిన కుర్తా పట్టుకెళ్లా. కౌంటర్ అబ్బాయి మాట్లాడకుండా వేలు గోడకి చూపించాడు. "బోర్డు చూసా బాబూ, చట్టం నువ్వు చూసావా" అన్నా. వాడు లోపలికెళ్లి ఓనర్‌ని పిలుచుకొచ్చాడు, ఆయన నా ఫోన్లో ఆ సెక్షన్ కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, ఇంకో ఇద్దరు కస్టమర్లు కూడా వంగి చదివారు. "ఈసారికి ఇస్తున్నానమ్మా, మీరు పాత కస్టమర్ కాబట్టి" అని డబ్బులిచ్చాడు. నేను ఆ షాపుకి వెళ్లడం అది రెండోసారి.

నిన్న అటు వెళ్తూ చూసా. పాత బోర్డు తీసేశాడు. దాని స్థానంలో రెండింతలు పెద్ద ఫ్లెక్స్, అదే మాట, ఈసారి ఎర్ర రంగులో, కింద కొత్తగా ఒక లైను: "దయచేసి వాదించకండి".