‘పుట్టి’ మాట దిద్దడానికి ఎడిటర్ మార్చుకున్నాను

మా నెల్లూరు వైపు ధాన్యం ధరను పుట్టి లెక్కన చెబుతారు. ఇక్కడి వ్యాపారంలో పుట్టి అంటే 850 కిలోలు. నిఘంటువు తీస్తే పుట్టి అంటే ఇరవై తూములు అని ఉంటుంది. వెదురుతో అల్లిన గుండ్రటి పడవకూ అదే పేరు. ఇలాంటి మాటలను రెండేళ్లుగా ఒకచోట చేరుస్తున్నాను. కయ్య, ఎడగారు, అంకణం, తూము, కుంచం. కోవూరు దగ్గర వరి పండించిన మా నాన్న నోట విన్న మాటలతో మొదలుపెట్టాను. ఇప్పుడు బంధువులు, పాత కౌలుదార్లు, ధాన్యం కాటా వేసేవాళ్లు కూడా గుర్తొచ్చినప్పుడల్లా ఫోన్ చేసి చెబుతున్నారు. పగలంతా మూలాపేటలో డీటీపీ పని, రాత్రి భోజనాలయ్యాక ఈ జాబితా.

ఒకసారి పుట్టి దగ్గర ‘ఇరవై తూములు’ కొట్టేసి ‘850 కిలోలు’ అని రాశాను. కొన్ని నెలల తర్వాత అదే వరుస చూసి, ఇదేదో పొరపాటున పడింది అనుకుని మళ్లీ తూములు చేశాను. మరో రోజు నాన్న అడిగితే గానీ తెలియలేదు, సరైనదాన్ని నేనే చెరిపేశానని. మార్చిన సంగతి ఎక్కడో గుర్తుంది, ఎందుకు మార్చానో గుర్తు లేదు. అది నన్ను చాలా బాధపెట్టింది. మాటలు పోకూడదనే కదా ఈ పని మొదలుపెట్టింది!

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. “అత్తా, నీకు కావలసింది గిట్. ఏ రోజు ఏ మాట మార్చావో, ఎందుకు మార్చావో అంతా దాస్తుంది” అన్నాడు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఎక్కువగా ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడతారు గానీ, దానికి కావలసింది మామూలు టెక్స్ట్ ఫైళ్లే. మాటల జాబితా అయినా ఒకటే. నా విండోస్ కంప్యూటర్‌లో అప్పటికప్పుడే ఎక్కించి, జాబితా ఫోల్డరును అప్పగించి, పండుగ కాగానే వెళ్లిపోయాడు. ఎక్కించేటప్పుడు ‘ఏ ఎడిటర్ వాడాలి’ అని ఒక తెర అడుగుతుంది. ఎడిటర్ అంటే టెక్స్ట్ రాసి దిద్దుకునే ప్రోగ్రాము. ఆ రాత్రి తొందరలో ఇద్దరం దాన్ని చదవకుండానే ముందుకు పోయాం. అక్కడ మార్చకపోతే విమ్ అనే ఎడిటర్ ఖాయమవుతుంది.

మార్పును, దాని గురించి ఒక సందేశంతో సహా గిట్‌లో భద్రపరచడాన్ని కమిట్ అంటారు. నేను ఒంటరిగా చేసిన మొదటి కమిట్ రోజు బాగా గుర్తుంది. ఆజ్ఞలు కొట్టే నల్లటి కిటికీలో ‘గిట్ కమిట్’ అని కొట్టగానే ఇంకో తెర తెరుచుకుంది. పైన ఖాళీ వరుస, కింద కొన్ని ఇంగ్లిషు వరుసలు, ఎడమ అంచున అలల గుర్తులు. సందేశం ఇక్కడే రాయాలని అర్థమైంది. కీబోర్డు తెలుగులో ఉంది. యూనికోడ్‌కు మారాక ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక నేర్చుకున్నాను, వేళ్లకు అదే అలవాటు. ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడలేదు. మేనల్లుడికి ఫోన్ చేస్తే ముందు ‘ఐ’ నొక్కాలన్నాడు. నొక్కాను. తెలుగు కీబోర్డులో ఆ మీట మీద ఉన్నది ‘గ’. విమ్‌కు ‘గ’ ఆజ్ఞ కాదు కాబట్టి అది కదలలేదు. ఇంగ్లిషుకు మార్చి ‘ఐ’ నొక్కి, మళ్లీ తెలుగుకు మార్చి సందేశం రాశాను. ఆ కిటికీలో గుణింతాలు పక్కకు జరిగాయి, ఒత్తులు విడిపోయాయి. నేను రాసింది నేనే చదవలేకపోయాను. బయటికి రావడానికి కోలన్, డబ్ల్యూ, క్యూ కొట్టమన్నాడు. కొట్టాను. ముందు ఎస్కేప్ నొక్కాలని గానీ, కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉందని గానీ గుర్తు రాలేదు. సందేశం చివర ‘ఛైౌ’ అని పడింది. ఛ, ఐత్వం, ఔత్వం: ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ మూడు మీటల మీద ఉన్నవి అవే.

విమ్ మీద నాకు కోపం లేదు. దాని ముందుతరం ఎడిటర్ వీఐని బిల్ జాయ్ 1976లో, నిదానంగా నడిచే టెలిఫోను లైన్ల రోజుల్లో రాశారు. మీట తక్కువ నొక్కి పని ఎక్కువ చేయాలన్న అవసరం అందులో అడుగడుగునా కనిపిస్తుంది. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ దానికి వారసుడు. నేర్చుకుందామని ఒకరోజు దాన్ని విడిగా తెరిస్తే, యుగాండాలోని పేద పిల్లలకు సాయం చేయండి అన్న వరుస మొదటి తెర మీదే కనిపించింది. ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు ప్రతిఫలంగా ఆయన అడిగింది అదొక్కటే. 2023లో ఆయన పోయారని చదివినప్పుడు మనసుకు కష్టంగా అనిపించింది. అయితే తెలుగు ముక్కలుగా కనిపించే కిటికీలో, ప్రతి ఆజ్ఞకూ కీబోర్డు మారుస్తూ నేను పని చేయలేను.

అందుకే దగ్గరి దారి పట్టాను. కమిట్ ఆజ్ఞలోనే ‘-ఎమ్’ అని పెట్టి, కొటేషన్ గుర్తుల మధ్య సందేశం ఇచ్చేస్తే ఎడిటర్ తెరుచుకోదు. వేసవి వచ్చేదాకా అలాగే నడిపాను. తర్వాత చరిత్ర తీసి చూసుకుంటే ‘దిద్దాను’, ‘మళ్లీ దిద్దాను’, ‘కొలతలు దిద్దాను’. ఇవే వరుసలు. ఏది ఎందుకు దిద్దానో ఒక్కచోటా లేదు. ఒక వరుసలో ఇరికించాల్సి వచ్చేసరికి కారణం మింగేసి ఫలితం మాత్రం రాశాను. గిట్ రాకముందు ఎక్కడున్నానో మళ్లీ అక్కడికే వచ్చాను.

ఆ రాత్రే ఎడిటర్ మార్చాలని కూర్చున్నాను. నేను రోజూ వాడేది నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. అందులో తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఫాంటు పెద్దది చేసుకుంటాను, వేళ్లకు దారి తెలుసు. గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్ అని కొట్టి, దాని పక్కన కొటేషన్లలో ఆ ప్రోగ్రాము చిరునామా ఇచ్చాను. (ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, ఆజ్ఞలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.) కమిట్ చేయబోతే ‘సి:/ప్రోగ్రామ్’ అనే ఫైలు లేదంది. ప్రోగ్రామ్ ఫైల్స్ అన్న పేరులో మధ్యన ఖాళీ ఉంది. ఆ ఖాళీ దగ్గరే చిరునామా రెండు ముక్కలైంది. నేను పెట్టిన డబుల్ కొటేషన్లు ఆజ్ఞ కొట్టినప్పుడే ఖర్చయిపోయాయి, సెట్టింగులోకి చేరలేదు. లోపల సింగిల్ కొటేషన్లు, బయట డబుల్ కొటేషన్లు పెడితే లోపలివి నిలుస్తాయి. అలా పెట్టాను. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ తెరుచుకుంది. నాలుగు వరుసలు రాసి, సేవ్ చేసి, మూసేశాను. కమిట్ అయింది. ఆ నాలుగు వరుసలూ చరిత్రలో చూసుకుని సంతోషంగా పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పని మధ్యలో ఒక మాట తోచి దిద్దాను, కమిట్ కొట్టాను. ఎడిటర్‌లో సందేశం ఫైలు వచ్చింది. రాశాను, సేవ్ చేశాను, మూశాను. తిరిగి చూస్తే నల్ల కిటికీలో సందేశం ఖాళీగా ఉంది కాబట్టి కమిట్ ఆపేస్తున్నాను అన్న వరుస. మళ్లీ చేశాను, మళ్లీ అదే. రాత్రి ఇంటి దగ్గర అదే కంప్యూటర్‌లో చేస్తే పనిచేసింది. తర్వాతి రోజు పగలు చేస్తే లేదు. మూడు రోజులు ఇలాగే. రాత్రి ఒప్పుకునే పనిని పగలు ఎందుకు కాదంటోందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

నాలుగో రోజు తొందరపడకుండా, కమిట్ కొట్టగానే ఎడిటర్ వైపు చూడకుండా నల్ల కిటికీనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు దొరికింది. నేను ఒక్క అక్షరం కూడా రాయకముందే ‘ఖాళీ’ అన్న వరుస పడిపోయింది. గిట్ నా కోసం ఆగడమే లేదు.

దాని పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. కమిట్_ఎడిట్‌ఎంఎస్‌జీ అని సందేశం కోసం ఒక ఫైలు సిద్ధం చేస్తుంది. ఎడిటర్ ప్రోగ్రామును పిలిచి ఆ ఫైలు చేతికిస్తుంది. ఆ ప్రోగ్రాము ముగిసేదాకా ఆగి, ముగిశాక ఫైలు తెరిచి చదువుతుంది. ఫైలు మారిందా లేదా అని అది కాపలా కాయదు, ప్రోగ్రాము ముగియడమే దానికి గుర్తు. రాత్రిపూట నా ఎడిటర్ మూసి ఉండేది. గిట్ పిలిస్తే కొత్తగా తెరుచుకుని, నేను మూసినప్పుడే ముగిసేది. పగలు డీటీపీ పని కోసం అది ముందే తెరిచి ఉండేది. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అలవాటు ఏమిటంటే, రెండోసారి పిలిస్తే ఆ రెండోది ఫైలును అప్పటికే తెరిచి ఉన్న దానికి అందించి తాను వెంటనే ముగిసిపోతుంది. ప్రెస్సులో నేను ఎన్నోసార్లు చూసిన సంగతే ఇది. ప్రూఫు తెచ్చిన కుర్రవాడికి, దిద్దేవాళ్లు చూసి ఇచ్చేదాకా కూర్చోమని చెప్పాలి. గుమ్మం దగ్గర ఎవరో అందుకుని ‘సరే, వెళ్లు’ అంటే ఏ దిద్దుబాటూ లేని కాగితమే ప్రెస్సుకు తిరిగి పోతుంది.

మందు ఒక్క మాటలో ఉంది. ప్రతిసారీ విడిగా తెరుచుకోమని ఎడిటర్‌కు చెప్పాలి. చివరికి నేను పెట్టుకున్న ఆజ్ఞ ఇది:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్ "'సి:/ప్రోగ్రామ్ ఫైల్స్/నోట్‌ప్యాడ్++/నోట్‌ప్యాడ్++.ఈఎక్స్ఈ' -మల్టీఇన్‌స్ట్ -నోట్యాబ్‌బార్ -నోసెషన్ -నోప్లగిన్"

పని చేసేది మల్టీఇన్‌స్ట్. నోసెషన్ పెడితే నిన్నటి ఫైళ్లన్నీ కొత్త కిటికీలోకి రాకుండా ఉంటాయి. మిగతా రెండూ కిటికీని తేలిక చేస్తాయి. ఇంగ్లిషులో కొట్టేటప్పుడు మల్టీ తర్వాతి ‘ఐ’, ప్లగిన్‌లోని ‘పి’ పెద్దక్షరాలుగా ఉండాలి, తక్కినవన్నీ చిన్నవి. మేనల్లుడు వాడేది వీఎస్ కోడ్ అనే మరో ఎడిటర్. అక్కడా ఇదే చిక్కు, మందు మాత్రం ఇంకా చిన్నది: “కోడ్ --వెయిట్” అని పెడితే చాలు. వెయిట్ మరిచిపోతే అక్కడా ఖాళీ సందేశమే. అంత హంగు అక్కర్లేదు అనుకుంటే విండోస్ 10తో వచ్చిన మామూలు నోట్‌ప్యాడ్ పేరు ఇచ్చినా పని జరుగుతుంది.

సెట్టింగు పెట్టాక అది నిజంగా నిలిచిందో లేదో చూసుకోవడం మంచిది. గిట్ వార్ గిట్_ఎడిటర్ అని కొడితే ఇప్పుడు ఏ ఎడిటర్ పిలుస్తుందో చెబుతుంది. ఇలా చూడమనడానికి కారణం ఉంది. గిట్ ఎడిటర్ కోసం ఒక వరుసలో వెతుకుతుంది: మొదట గిట్_ఎడిటర్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములు చూసుకునేలా కంప్యూటర్‌లో పేరు పెట్టి ఉంచే విలువ), తర్వాత మనం పెట్టిన కోర్.ఎడిటర్, ఆ తర్వాత విజువల్, ఎడిటర్ అనే రెండు వేరియబుళ్లు, ఏదీ లేకపోతే వీఐ. ముందున్నది దొరికితే వెనకవాటిని చూడదు. పేర్లలో విజువల్, ఎడిటర్ అని రెండు ఎందుకున్నాయో తెలిసి ముచ్చటపడ్డాను. తెర లేని టెలిటైపు రోజుల్లో ఒక్కో వరుసగా దిద్దే ఎడిటర్‌కు ఒకటి, నిండు తెర మీద దిద్దేదానికి మరొకటి. ఆ కాలం పోయింది, పేర్లు మిగిలాయి. మాటలు ఏరుకునే నాకు ఇలాంటివి దొరికితే ఆ పూట వేరే పని సాగదు.

ఇంకొకటి కూడా అప్పుడే సరిచేసుకున్నాను. నా ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటాయి. ఏ ఫైళ్లు మారాయో చూపే గిట్ స్టేటస్ ఆజ్ఞ కొడితే ‘కొలతలు’ అనే ఫైలు 340, 260, 225 అంటూ అంకెల దండగా కనిపించేది. ఆ మూడు సంఖ్యలూ కలిస్తే ‘క’. కోర్.కోట్‌పాత్ అనే సెట్టింగును ఫాల్స్ చేశాక పేరు పేరులా కనిపించింది. తెలుగు పేర్లతో ఫైళ్లు పెట్టుకునేవాళ్లు ఎడిటర్‌తో పాటే దీన్నీ మార్చుకోండి.

తర్వాత చేసిన మొదటి పని పుట్టి దగ్గరికి వెళ్లడం. మూడు అర్థాలూ విడివిడిగా రాసి, కమిట్ కొట్టాను. తెల్లటి కిటికీ తెరుచుకుంది. కీబోర్డు మార్చలేదు. మొదటి వరుసలో ‘పుట్టి: ఇరవై తూములు తీసేయలేదు, 850 కిలోలు చేర్చాను’ అని రాసి, ఒక వరుస వదిలి కారణం మొదలుపెట్టాను. నిఘంటువుది పాత లెక్క, నెల్లూరు ధాన్యం వ్యాపారానిది నేటి లెక్క, రెండూ నిజమే కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని చెరపకూడదు అని రాశాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు కూడా రాశాను. ఎనిమిది వరుసలయ్యాయి. ‘దిద్దాను’ అని ఊరుకున్న చేత్తో ఇంత రాయగలిగానంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆదివారం కోవూరు వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి నాన్నకు ఆ సందేశం చదివి వినిపించాను. అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని విన్నారు. “లెక్క పాతదీ కొత్తదీ అని కాదమ్మా. తూము కొలత, కిలో తూకం. కుంచాలు నింపి కొలిచినన్నాళ్లు అది కొలత. కాటా వచ్చాక అదే పేరు తూకానికి పెట్టుకున్నాం. అలా రాయి” అన్నారు.

గిట్ కమిట్ --అమెండ్ కొట్టాను. చివరి సందేశాన్ని తిరిగి తెరిచి దిద్దనిచ్చే ఆజ్ఞ అది. నా ఎనిమిది వరుసలూ ఒత్తులు, గుణింతాలు చెదరకుండా కిటికీలోకి వచ్చాయి. వెనక నల్ల కిటికీలో గిట్ ఆగి ఉంది. “ఇంకోసారి చెప్పు నాన్నా, నీ మాటల్లోనే రాస్తాను” అన్నాను.