అన్నిటికీ అంటుకునే జిగురు, నా రాయికి తప్ప

నిన్న రాత్రితో నా ఉప్పునీళ్ళ ట్యాంకులో ఫ్రాగ్‌లన్నీ, అంటే పెంచుకోవడానికి కొన్న కోరల్ (పగడం) ముక్కలన్నీ, ఎట్టకేలకు రాళ్ళ మీద నిలబడ్డాయి. ఒక్కటి తప్ప. దాని సంగతి తర్వాత. వేళ్ళ కొసల్లో ఎండిన జిగురు పెచ్చులు ఇంకా ఊడలేదు, ఏం పట్టుకున్నా గరగరలాడుతున్నాయి. ఈ కోపం చల్లారితే మళ్ళీ రాయబుద్ధి కాదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

నీళ్ళ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉప్పు (నీళ్ళ సాపేక్ష సాంద్రత లెక్కన) 1.025 దగ్గర, వేడి 25–26 డిగ్రీలు, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారగుణం) 8–9 డీకేహెచ్. ఆ అంకె ఎంతన్నది కాదు, రోజూ అక్కడే ఉందా లేదా అన్నదే కోరల్‌కి కావాలి. కొత్త ముక్కల్ని కవర్‌తో సహా కాసేపు ట్యాంకులో తేలనిచ్చి వేడి సమం చేశాను. అంతే.

డిప్ దగ్గర, అంటే పురుగులు రాలేలా ముక్కల్ని మందు నీళ్ళలో ముంచే దగ్గర, మాత్రం కాస్త ఆగాలి. ముక్కలు అమ్మినాయన "అంతా క్లీన్, డిప్ అక్కర్లేదు" అన్నాడు. అలా అన్నారంటే తప్పకుండా వెయ్యాలని నా లెక్క. మందు కలిపిన గిన్నెలో అక్రోపోరా అనే కోరల్‌ని అటూ ఇటూ ఆడించి, పిప్పెట్‌తో నీళ్ళు చిమ్మితే, పారదర్శకంగా ఉన్న చదును పురుగులు ఊడి గిన్నె అడుగున ముడుచుకున్నాయి. ఒంటి మీద ఉన్నంతసేపూ కనపడవు, కోరల్ రంగులో కలిసిపోతాయి. ఇంకో విషయం, డిప్ పురుగుల్ని రాలుస్తుంది గానీ గుడ్లని ఏమీ చెయ్యలేదు. అవి చాలాసార్లు ముక్క మొదట్లో, చర్మం లేని చోట అంటుకుని ఉంటాయి. అందుకే ప్లగ్‌తో (ముక్కని అంటించి అమ్మే చిన్న దిమ్మతో) సహా రాతి కన్నంలో దూర్చేసే పద్ధతి నాకు నచ్చదు. బోన్ కటర్‌తో మొదలు తెగ్గొట్టి ప్లగ్ పారేశాను. ఒక ప్లగ్ అడుగున ఐప్టేసియా (ట్యాంకంతా పాకే కలుపు లాంటి జీవి) కూడా నక్కి ఉంది. క్లీన్ అట!

జోవాంథిడ్స్ (గుంపుగా పెరిగే మెత్తటి కోరల్ లాంటి జీవులు) ఉంటే గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా కత్తి పట్టకండి. వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది, కోసేటప్పుడు రసం కంట్లోకి చిమ్మితే ఆసుపత్రి పాలే. అవి పట్టిన రాళ్ళని మరగబెట్టడం అంతకన్నా ప్రమాదం, ఆ ఆవిరి పీల్చిన ఇళ్ళల్లో అందరూ మంచాన పడ్డ సందర్భాలున్నాయి.

ఇక జిగురు. నన్ను ఏడిపించింది ఇదే.

సూపర్ గ్లూ జెల్ కొన్నాను. సయనోయాక్రిలేట్ అన్నమాట. 1942లో తుపాకులకి గురి చూసే ప్లాస్టిక్ భాగాల కోసం పరిశోధన చేస్తుంటే ఇది దొరికిందట, తగిలిన ప్రతిదానికీ అతుక్కుపోతోందని విసుగొచ్చి పక్కన పడేశారట. వాళ్ళని తీసుకొచ్చి నా ట్యాంకు ముందు కూర్చోబెట్టాలి. "చిన్న చుక్క పెట్టి నొక్కండి, పది సెకన్లు పట్టుకోండి, అయిపోతుంది." ఈ ముక్క చెప్పని వీడియో లేదు. పంపులన్నీ ఆపి, భుజం దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి, మాంటిపోరా అనే కోరల్ ముక్కని నిలువు రాతికి నొక్కి పట్టుకున్నాను. పది కాదు, వంద లెక్కపెట్టాను. మెల్లగా వదిలాను. ముక్క కూడా మెల్లగా వదిలింది, రాయిని. తిరుక్కుంటూ పోయి ఇసకలో బోర్లా పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. ఈసారి ముక్క నా గ్లవ్‌కి అతుక్కుని నాతోపాటు పైకొచ్చింది.

ఇదంతా సోఫాలో కూర్చుని చూస్తున్న మా బావమరిది ముందు జరిగింది. "బావా, రాయి దగ్గర పెట్టుకుని చెయ్యి అతికిస్తున్నావా?" అన్నాడు. మా ఆవిడ నవ్వు వంటింట్లోంచి వినబడింది. ఒక గ్లవ్ చించుకుని, ఇంకో గ్లవ్ తొడుక్కుని మళ్ళీ దిగాను. అతను కదల్లేదు, ఇంకా వేడుక ఉందనుకున్నాడేమో. ఉంది.

ఎందుకు పడుతోందో తర్వాత గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి చూస్తే గానీ తెలియలేదు. ఈ జిగురు గట్టిపడటానికి తేమే కారణం. జెల్ నీళ్ళలో మునగ్గానే పైన తెల్లటి పొర కట్టేస్తుంది, అచ్చం పాల మీద మీగడలా. లోపల మాత్రం ఇంకా మెత్తగానే ఉంటుంది. అంటే రాతికి ఆనుతున్నది జిగురు కాదు, ఆ పొర. అది దేనికీ అంటదు. కాబట్టి నొక్కి పట్టుకోవడం కాదు, రాతి మీద గట్టిగా అదిమి మెలితిప్పాలి. అప్పుడే పొర చిట్లి లోపలి జిగురు రాతికి తగులుతుంది. పైగా నా రాతి మీద జిడ్డు నాచు. జిగురు నాచుకి అంటింది, నాచు రాయిని వదిలింది. వీడియోల వాళ్ళు బల్ల మీద పొడి రాయి పెట్టుకుని అతికించి మనకి పాఠాలు చెబుతారు. నీళ్ళలోకి దిగి చెప్పమనండి చూద్దాం.

చివరికి పని చేసింది ఇది. చోటుని గట్టి బ్రష్‌తో తెల్లరాయి కనబడేదాకా గీకాను. ముక్క మొదలుని పేపర్ టవల్‌తో తడి లేకుండా అద్దాను. దానికి జెల్, ఆ జెల్ మీద రెండు భాగాలూ కలిపి పిసికిన ఎపాక్సీ పుట్టీ ముద్ద, ముద్ద అడుగున మళ్ళీ జెల్. దించి, రాతి గుంటలోకి అదిమి మెలిక. ముద్ద ఒక్కటే అయితే తడి రాతిని పట్టుకోదు, జిగురు ఒక్కటే అయితే బరువు మొయ్యదు. రెండూ కలిస్తే కదల్లేదు. ఎపాక్సీ ఒకేసారి ఎక్కువ వాడకండి, స్కిమ్మర్ (నీళ్ళలో మురికిని నురుగుగా తీసే పరికరం) పిచ్చెక్కినట్టు నురుగు కక్కుతుంది. నాది కప్పు నిండి కిందకి పొంగింది.

గుంట అన్నాను కదా, అది ఊరికే అనలేదు. టర్బో నత్త రాత్రిపూట రాతి మీద పాకుతూ అడ్డొచ్చిన ప్రతి ముక్కనీ తోసేస్తుంది. పైకి పొడుచుకొచ్చినట్టు అతికిస్తే తెల్లారేసరికి ఇసకలోనే. ఎక్కడ పెట్టాలన్నది నేను ముందే కొలుచుకుని పెట్టుకున్నాను, ఈ విషయంలో నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. అక్రోపోరా వెలుగు, ప్రవాహం బాగా తగిలే పైభాగంలో. హ్యామర్ కోరల్ కింద, పక్కవాళ్ళకి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో. దాని టెంటకిల్స్ (కుట్టే మీసాల్లాంటివి) రాత్రి సాగి, అందిన కోరల్‌ని కాల్చేస్తాయి. మొట్టమొదట నిలబడ్డ మాంటిపోరా అంచు ఇప్పటికే పుట్టీ మీదికి పాకుతోంది. బావమరిది వస్తే చూపించాలి.

మిగిలిన ఒక్కటీ మష్రూమ్ కోరల్. దానికి జిగురూ లేదు, పుట్టీ లేదు. ఒంటినిండా జిగట, అంటించిన పొర ఊడదీసుకుని ప్రవాహంలో కొట్టుకుపోయింది. దీంతో కుస్తీ పట్టకండి. ఒక చిన్న డబ్బాలో రాతి ముక్కలు పరిచి, మష్రూమ్‌ని వాటి మీద వదిలి, పైన సన్నటి నెట్ కట్టి, ప్రవాహం తక్కువున్న మూల పెట్టాను. కొన్నాళ్ళకి తనంతట తనే ఏదో ఒక రాతి ముక్కని పట్టుకుంటుంది. ఆ ముక్కని అతికించడం ఇక నాకు ఎడంచేతి పని.