తూకానికి పోయిన గడియారం

బర్మింగ్‌హామ్‌లో నేను పనిచేసే వేలంశాలలో నా ఉద్యోగం పేరు పోర్టర్. కాజీపేట జంక్షన్‌లో ఎర్ర చొక్కా తొడుక్కున్న హమాలీకీ ఇంగ్లీషులో అదే పేరు కాబట్టి, ఎం.ఎస్. చదవడానికి వెళ్లిన కొడుకు లండన్‌లో (మా వాడకట్టుకు ఇంగ్లండంతా లండనే) ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే మా అమ్మ "పాత సామాన్ల కంపెనీల ఆఫీసర్" అని చెప్పి మాట మారుస్తుంది. నిజానికి నా పని హమాలీ పనికి పెద్ద దూరం కాదు. కాలం చేసినవారి ఇళ్ల నుంచి వచ్చిన బీరువాలను, పెట్టెలను దింపడం, వాటికి చీటీలు అంటించడం, ఫొటో బల్ల మీదికి చేర్చడం, అమ్ముడుపోయాక కొన్నవారికి అప్పగించి సంతకం తీసుకోవడం, అంతే. అయితే మాది వరంగల్ మట్టెవాడలో అవుసులోళ్ల (కంసాలుల) ఇల్లని మాటల్లో బయటపడిన రోజు నుంచి, నగలు, గడియారాల విభాగం చూసే పెద్దాయన నన్ను అప్పుడప్పుడు తూకం బల్ల దగ్గరికి పిలవసాగాడు.

ఆ జేబు గడియారం 2025 శరత్కాలంలో, ఒక పాత ఉన్ని మేజోడులో చుట్టి వచ్చింది. అద్దం మీద కూడా బంగారు మూత ఉండే రకం అది. వేటకు వెళ్లినప్పుడు అద్దం పగలకుండా అట్లా చేసేవారని దానికి హంటర్ అని పేరు వచ్చిందంటారు. మెడ దగ్గరి బొత్తం నొక్కితే మూత ఎగిరి తెరుచుకుంది. లోపల తెల్లని ఎనామిల్ ముఖం, రోమన్ అంకెలు, 6 ఉండవలసిన చోట సెకండ్ల ముల్లుకు ఒక చిన్న గుండ్రని గది, 4 దగ్గర నుంచి అంచు దాకా వెంట్రుకంత పగులు. చూడటం అయ్యాక నేను మూతను టక్కున మూశాను. పెద్దాయన ఉలిక్కిపడి, గడియారం నా చేతిలోంచి తీసుకుని, బొత్తం నొక్కి పట్టుకుని మూతను నెమ్మదిగా ఆనించి, ఆ తరువాత బొత్తం వదిలి చూపించాడు. టక్కున మూసిన ప్రతిసారీ కొక్కెం బంగారు అంచును కొంచెం కొంచెం తినేస్తుందట. బంగారం మెత్తనిదని కొలిమి ముందు పుట్టిన నాకు ఒకరు చెప్పవలసి రావడం సిగ్గుగానే అనిపించింది.

వెనుక మూత తెరిస్తే ముద్రలున్నాయి. కిరీటం, దాని పక్కన 18 అంకె: అంటే వెయ్యికి 750 పాళ్ల బంగారం. మూడు గోధుమ పనలు, మధ్యలో కత్తి: బంగారం నాణ్యత తేల్చి ముద్ర వేసే చెస్టర్ నగరపు పరీక్షశాల గుర్తు. లివర్‌పూల్ గడియారాల డిప్పలు, అంటే యంత్రాన్ని కప్పే బయటి తొడుగులు, చాలావరకు అక్కడికే వెళ్లేవి. 1962లో ఆ శాల మూతపడింది. ఇంకో అక్షరం సంవత్సరం చెబుతుంది. అయితే అక్షరాలు మళ్లీ మళ్లీ తిరిగి వస్తాయి కాబట్టి, రాత తీరునూ దాని చుట్టూ ఉన్న డాలు ఆకారాన్నీ పట్టికతో సరిచూసుకుంటే తప్ప ఏడాది తేలదు. ఇది 1860ల నాటిదని తేలింది. ముద్రల కంటే నన్ను ఎక్కువగా ఆపినవి ఆ డిప్ప లోపలి వైపు సూదిమొనతో గీసిన గీతలు. కంటికి భూతద్దం పెడితే తప్ప కనపడని అంకెలు, పొడి అక్షరాలు, నాలుగైదు చేతిరాతల్లో ఉన్నాయి. గడియారాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి తిరిగి ఇచ్చిన ప్రతి మెకానిక్కూ తన లెక్క కోసం రాసుకున్న గుర్తులవి.

యంత్రాన్ని బయటికి వంచితే శంఖంలాంటి ఒక మెట్ల చక్రం కనిపించింది. దాన్ని ఫ్యూజీ అంటారు. స్ప్రింగు నిండుగా చుట్టుకున్నప్పుడు బలంగానూ, వదులైన కొద్దీ నీరసంగానూ లాగుతుంది కదా, ఆ తేడా గడియారం నడక మీద పడకుండా ఈ శంఖం సర్దుతుంది. దానికీ స్ప్రింగు పీపాకూ నడుమ ఒక గొలుసు: అచ్చం సైకిల్ చెయినే, కాని మందం గుర్రపు వెంట్రుక కంటే కొంచెం ఎక్కువ. ఇట్లాంటి గొలుసులు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని క్రైస్ట్‌చర్చ్ ఊళ్లో తయారయ్యేవి. ఆ పని చేసినవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. కరీంనగర్ వెండి తీగె పని చూసి పెరిగిన కళ్లకు కూడా అది సామాన్యమైన పని కాదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో ఫొటోలు చూపించాను. బాపుకు యంత్రం మీద ఆసక్తి లేదు. "మూత అంచు దగ్గర పెట్టు, మందం ఎంతున్నదో చూపియ్యి" అన్నాడు. చూపించాను. కాసేపు కళ్లు చిట్లించి, "మిషిని తీసేస్తే నాలుగున్నర తులాలు. పాత తులం లెక్క" అన్నాడు. పాత తులమంటే 11.66 గ్రాములు, బజారులో ఇప్పుడు నడిచేది పది గ్రాముల తులమే అయినా బాపు మనసులోని త్రాసు మారలేదు. మా తూకం బల్ల మీద గడియారం మొత్తంగా 118 గ్రాములు తూగింది, అందులో యంత్రమెంతో బంగారమెంతో విప్పితే తప్ప తెలియదు. గడియారంతో పాటు వచ్చిన గొలుసు 9 క్యారెట్లదని, దాని ప్రతి లంకె మీదా ముద్ర ఉన్నదని చెబితే మాత్రం నవ్వాడు. "వెయ్యికి మూడు వందల డెబ్బై ఐదా? గదానికి ముద్ర గూడనా!" అన్నాడు. అదే ఏడాది జూలైలో మన దగ్గర కూడా 9 క్యారెట్ల నగలకు హాల్‌మార్క్ వర్తింపజేశారని గుర్తు చేస్తే నవ్వు ఆగింది. ఆడబిడ్డ పెండ్లికి తులాల్లో మాట ఇచ్చిన తండ్రులు ఇప్పుడు దేనికి సిద్ధపడుతున్నారో ఆయనకే బాగా తెలుసు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇట్లాంటి గడియారానికి రెండు ధరలు ఉంటాయి, ఒకటి గడియారంగా, ఇంకొకటి తూకంగా. బాపు లెక్క ప్రకారం 52 గ్రాముల డిప్పలో మేలిమి 39 గ్రాములు, అంటే ఒకటింబావు ఔన్సు. 2015 చివర్లో ఔన్సు బంగారం 1,100 డాలర్ల లోపుకు పడినప్పుడు దాని తూకం ధర పదిహేను వందల డాలర్లకు కూడా చేరదు. అప్పుడు గడియారాల మీద ప్రేమ ఉన్నవాడు కొంచెం ఎక్కువ పాడి దాన్ని దక్కించుకోగలిగేవాడు. 2025 అక్టోబర్‌లో ఔన్సు మొదటిసారి 4,000 డాలర్లు దాటింది. అదే డిప్ప ఐదు వేల డాలర్లయింది. యంత్రం మాత్రం అదే యంత్రం, దాన్ని కోరుకునేవారు అంతమందే. పేరుగల గడియారాలకు ఈ బాధ లేదు. టైటానిక్‌లో మునిగిపోయిన అమెరికన్ కోటీశ్వరుడు ఆస్టర్ జేబులో దొరికినది 14 క్యారెట్లదే అయినా 2024 ఏప్రిల్‌లో కమిషన్‌తో కలిపి 11 లక్షల 75 వేల పౌండ్లు పలికింది. హెన్రీ గ్రేవ్స్ అనే అమెరికన్ ధనికుడి కోసం పటేక్ ఫిలిప్ చేసిన జేబు గడియారం 2014లో జెనీవాలో 2 కోట్ల 32 లక్షల స్విస్ ఫ్రాంకులకు పోయింది. వాటిని కరిగించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. మా మేజోడులో వచ్చినదాని యజమాని ఎవరో తెలియదు, చేసినవాడి పేరు కూడా గ్రంథాల్లో రెండు వాక్యాలకు మించదు.

వేలం రోజు ఉదయం, చూడవచ్చేవారి కోసం దానికి నేనే చావి ఇచ్చాను. మా ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున్నే మేలు రకం మిర్చికి జెండా పాట పాడతారు. ఆ రోజుకు అదే పై ధర, మిగతా రైతులందరికీ అక్కడి నుంచి కిందికి దిగడమే. ఇక్కడ పద్ధతి వేరు. అంచనా ధర కేటలాగులో అచ్చవుతుంది, యజమాని ఒప్పుకునే కనీస ధర మాత్రం పాట పాడించేవాడికి తప్ప ఎవరికీ తెలియదు, పాట కింది నుంచి పైకి పోతుంది. మా గడియారానికి 1,800 నుంచి 2,400 పౌండ్ల అంచనా వేశారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు ముందురోజు వచ్చి ఫ్యూజీ గొలుసును పది నిమిషాలు చూసిన వృద్ధుడు, రెండవవాడు ఏ వేలానికైనా వచ్చి, బంగారు వస్తువును ఒక్కసారి అరచేతిలో ఆడించి పక్కకు పెట్టే వ్యాపారి. 2,200 దగ్గర వృద్ధుడు తల అడ్డంగా ఊపాడు. వ్యాపారి 2,300కు సుత్తి దెబ్బ పడింది. దాని మీద మా వేలంశాల 25 శాతం కమిషన్, ఆ కమిషన్ మీద 20 శాతం వ్యాట్, అన్నీ కలిపినా అతడికి ఇంకా మిగులుతుందని అక్కడున్న అందరికీ తెలుసు.

సాయంత్రం వస్తువులు అప్పగించే బల్ల దగ్గర ఆ వ్యాపారి సంతకం పెట్టి, జేబులోంచి సన్నని శీల ఒకటి తీసి, 12 అంకె దగ్గరి కీలులోకి గుచ్చాడు. పాత పిన్ను బయటికి జారింది, యంత్రం అతడి చేతిలోకి ఊడిపడింది. డిప్పను తన చిన్న త్రాసు మీద పెట్టాడు. 52. యంత్రాన్ని మాత్రం టిఫిన్ డబ్బా లాంటి ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు, అందులో అప్పటికే ఆరేడు యంత్రాలున్నాయి. పొద్దున నేను ఇచ్చిన చావి ఇంకా మిగిలే ఉండటం వల్ల అది ఆ డబ్బాలో కూడా నడుస్తూనే ఉంది. మూత పెట్టాక చప్పుడు కొంచెం తగ్గింది. మెకానిక్కులు గీసుకున్న గీతలు డిప్పతో పాటు వెళ్లిపోయాయి.

రాత్రి బాపుకు ఇదంతా చెప్పాను. ఆయన చేతుల మీదుగా ఎన్ని గుండ్లపేర్లు, ఎన్ని కంటెలు మూసలో కరిగిపోయాయో నాకు తెలుసు కాబట్టి ఓదార్పు ఆశించలేదు. ఆయన నాలుగున్నర తులాల లెక్క సరిపోయినందుకు కొంచెం సంతోషపడ్డాడు. తరువాత అడిగాడు: "గా అంగ్రేజోళ్లు కరగబెడ్తె తరుగు ఎంత తీస్తర్రా?"