ఎనభై రూపాయల బాకీ

2017 జూన్‌లో ఒక రాత్రి షిఫ్టు. తెల్లవారుజామున మూడు దాటాక మిల్లులో నూలు వడికే యంత్రాల, అంటే రింగ్‌ఫ్రేముల, పక్కన గోడకు చేరగిలబడి కునుకు తీశాను. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పట్లో ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. సూపర్‌వైజరు వచ్చి లేపాడు, మాటా మాటా పెరిగింది. మర్నాడు చేతికొచ్చిన ఛార్జిషీటులో రెండు ఆరోపణలు: పనివేళ నిద్ర, సూపర్‌వైజరును నెట్టడం. మొదటిది నిజం, రెండోది కాదు. సస్పెన్షన్ కాగితం కూడా దానికే జతచేసి ఉంది.

గుంటూరు జిల్లాలోని ఆ స్పిన్నింగు మిల్లులో పదకొండేళ్లుగా నేను యూనియన్ సభ్యుణ్ని. మేడే నాడు జెండా దగ్గర నిలబడటం తప్ప నా సభ్యత్వానికి వేరే గుర్తులేమీ లేవు. నియమావళి పుస్తకం కోసం ఇల్లంతా వెతికితే కుట్టుమిషను కాలు కింద ఎత్తుకు పెట్టి కనిపించింది.

సంజాయిషీకి మూడు రోజులే గడువు. యూనియన్ ఆఫీసుకు పరుగెత్తాను. కార్యదర్శి నా కథ వినకుండా ముందు చందా రిజిస్టరు తెరిచారు. నెలకు ఇరవై చొప్పున నాలుగు నెలలు, అంటే ఎనభై రూపాయలు బాకీ. మూడు నెలలు దాటితే యూనియన్ సంక్షేమ నిధి నుంచి భృతి రాదని మా నియమం. అక్కడే జేబులోంచి తీసి కట్టబోయాను. "కట్టు తమ్ముడూ, రసీదు రాస్తాను. కానీ దాని మీద ఈ రోజు తేదీయే పడుతుంది" అన్నారు కోశాధికారి. మన డబ్బే కదా అని గొంతు పెంచాను. యూనియన్ నిధిని దేనికి వాడవచ్చో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 15వ సెక్షనులో జాబితా ఉందనీ, దానికి లోబడి మేమే సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఈ నియమం పెట్టుకున్నామనీ ఆయన నిదానంగా చెప్పారు. నేనూ చెయ్యి ఎత్తే ఉంటాను. ఆ రోజు భోజనాలు బాగున్నాయన్నది మాత్రమే గుర్తుంది.

విచారణలో నా పక్కన కూర్చునే ప్రతినిధిని ఇవ్వడానికి మాత్రం బాకీ అడ్డు కాలేదు. వచ్చినాయన పత్తిని దువ్వే కార్డింగ్ విభాగంలో సీనియరు. మొదటి షరతు ఆయనదే: "నా దగ్గర ఏదీ దాచకు. దాచినట్టు తేలితే నేను తప్పుకోవచ్చు, అదీ పుస్తకంలోనే ఉంది." అరగంట నీళ్లు నమిలి, నిద్రపోయానన్నాను. ఆయనేమీ తిట్టలేదు. "అయితే అది ఒప్పుకుందాం, రెండోది కాదందాం" అని కాగితం ముందుకు జరిపారు.

అసలు చిక్కు సాక్షితో వచ్చింది. మిల్లు తరఫున సాక్ష్యం చెప్పవలసినవాడు నా పక్క ఫ్రేము మనిషి, మా యూనియన్ సభ్యుడే. వాడితో ఒక్క మాట చెప్పించండన్నాను. ప్రతినిధి ససేమిరా అన్నారు. సభ్యుల్లో ఒకరి మాట మరొకరికి అడ్డుపడే చోట ఇద్దరికీ ఒకే మనిషి సాయం చేయకూడదట, సాక్ష్యం మార్చమని ఎవరూ అడగకూడదట. వాడికి వేరొకరిని కేటాయించారు. యూనియన్ నాది కాదా, వాడిదా అని ఆ రాత్రి మండిపడ్డాను. వాడికీ పిల్లలున్నారు, వాడి మీదా మిల్లు కన్ను ఉందన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

విచారణ నాలుగు నెలలు సాగింది. కార్మికుల పని షరతులకు సంబంధించిన అప్పటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం ప్రకారం సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం వేతనం జీవనభృతిగా ఇవ్వాల్సి ఉండేది. ఆ తర్వాత, జాప్యానికి కారణం కార్మికుడు కాకపోతే, అది 75 శాతం కావాల్సి ఉండేది. తొంభై దాటినా నాకు సగమే వచ్చింది. వాయిదాలు ఎవరు అడిగారో తేదీలతో సహా రాసి యూనియన్ ఉత్తరం పెట్టాక తేడా జమయింది. సంక్షేమ నిధి నుంచి రావలసిన భృతి మాత్రం రాలేదు. ఆ నెలల్లో చెవిదిద్దులు తాకట్టుకు వెళ్లాయి.

సాక్షి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: అరుచుకున్నారు, చెయ్యి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నెట్టిన ఆరోపణ నిలవలేదు. నిద్రకు నాలుగు రోజుల సస్పెన్షన్ శిక్ష పడింది. తిరిగి చేరిన రోజు క్యాంటీన్‌లో వాడు నా ఎదురుగా టీ గ్లాసు పెట్టి, ఏమీ మాట్లాడకుండా తన ఫ్రేము దగ్గరికి వెళ్లిపోయాడు. విచారణ సంగతి ఇద్దరం ఇప్పటికీ ఎత్తలేదు.