దీవులకు మొదటి బేరం విమాన కంపెనీయే

చిన్న దీవుల దేశాల్లో టూరిజం ఎట్టా పెంచాలి అని ఎవరు రాసినా బీచ్‌లు, రిసార్టులు, ప్రచారం దగ్గరే తిరుగుతుంటారు. నెల్లూరులో టికెట్లు, ప్యాకేజీలు చేసే చిన్న ఆఫీసు నడిపేవాడిగా నేను చెప్పేది ఒకటే, ఆ దేశాలు ముందు పట్టుకోవాల్సిన బేరం విమాన కంపెనీ. తిరుమలకైతే బస్సు దొరక్కపోతే రైలు, రైలు లేకపోతే కారు, ఏదీ లేకపోతే నడిచైనా పోతాం. హిందూ మహాసముద్రం నడిమధ్య ఉన్న సీషెల్స్‌కు ఎట్టా పోతాం? సీటు ఉండాలి, రేటు అందాలి, మన ఊరి దగ్గర నుంచి తిన్నగా కలవాలి.

సీషెల్స్ అంటే 115 దీవులు, జనం లక్ష పైచిలుకు. మన కావలి టౌను కంటే కాస్త ఎక్కువ, అంతే. 1970ల మొదట్లో అక్కడి పెద్ద దీవి మాహేలో ఎయిర్‌పోర్టు వచ్చేదాకా అక్కడికి ఓడలోనే పోవాలి, బొంబాయి నుంచి మొంబాసా పోయే ఓడలు దారిలో ఆగేవి. రన్‌వే పడ్డాక కథ మారిపోయింది, ఇప్పుడు ఏటా వచ్చే టూరిస్టులు ఆ దేశ జనాభాకు రెండింతల పైమాటే.

మరి మనవాళ్లు అటు ఎందుకు పెద్దగా పోలేదు? కొన్నేళ్ల కింద కావలి నుంచి కొత్తగా పెళ్లయిన జంట వచ్చారు. మాల్దీవులకు అందరూ పోతున్నారు, మాకు వేరేది చూపించండి అన్నారు. ముంబై నుంచి ఆ దేశపు కంపెనీ ఎయిర్ సీషెల్స్ విమానం ఉంది, ముందుగా వీసా తీసుకునే గొడవ లేదు, సరే అని సిస్టమ్ ముందు కూర్చోబెట్టా. చెన్నై నుంచి ముంబై ఒక టికెట్, అక్కడి నుంచి మాహే ఇంకో టికెట్. ముంబైలో దిగి బ్యాగులు తీసుకుని, టెర్మినల్ మారి, మళ్లీ చెకిన్ చేసుకుని, రాత్రి అక్కడే కాచుకోవాలి. మొదటి విమానం లేటైతే రెండో కంపెనీకి సంబంధం లేదు, టైముకు రాలేదని టికెట్ పోతుంది. "ఇంత దుడ్డు పోసి బొంబాయిలో కుర్చీల మీద పడుకోవాలా అన్నా?" అని ఆ అబ్బాయి నవ్వేశాడు. చివరికి మాల్దీవులకే పోయారు, చెన్నైలో శ్రీలంకన్ ఎక్కి కొలంబోలో మారి. ఒకే టికెట్, ఒకే పీఎన్నార్, చెన్నైలో వేసిన బ్యాగు మాల్దీవుల రాజధాని మాలెలో తీసుకోవడమే. (మైపాడు బీచ్ పక్కనే ఉండగా సముద్రం కోసం విమానమెక్కడం ఏంది అనే మా బావ లాంటి వాళ్లను ఈ లెక్కలోంచి తీసేయండి.)

ఈ తేడా అంతా కంపెనీల మధ్య ఒప్పందాల్లో ఉంది. ఇంటర్‌లైన్ అంటే ఒకరి టికెట్ మీదే ఇంకొకరి విమానం కూడా కలిపి ఇచ్చి, బ్యాగు చివరిదాకా పంపడం. కోడ్‌షేర్ ఇంకో మెట్టు పైన, వాళ్ల విమానానికి వీళ్ల నంబరు తగిలించి సొంతదానిలాగే అమ్ముకుంటారు. ఒకే టికెట్ మీద పోతూ లేటువల్ల కనెక్షన్ తప్పితే తర్వాతి విమానంలో ఎక్కించడం వాళ్ల తలనొప్పి, మనకు టెన్షన్ ఉండదు. 2025 మార్చిలో ఇండిగో ముంబై నుంచి మాహేకు మొదలుపెట్టినప్పుడు నేను సంబరపడింది అందుకే, చెన్నై, హైదరాబాద్, విజయవాడ ఎక్కడ ఎక్కినా చివరిదాకా అదే కంపెనీ టికెట్.

అయితే ఎవరో పెద్ద కంపెనీ చేయి పట్టుకుంది కదా అని మొత్తం వాళ్ల మీదే వాలిపోతే ఏమవుతుందో కూడా సీషెల్స్‌నే చూడాలి. 2012లో అబుదాబి వాళ్ల విమాన కంపెనీ ఎతిహాద్, ఎయిర్ సీషెల్స్‌లో 40 శాతం వాటా కొన్నది. డబ్బులు పెట్టింది, విమానాలు ఇచ్చింది, అబుదాబి మీదుగా బోలెడు ఊళ్లకు కోడ్‌షేర్ కలిపింది. లక్ష మంది జనం ఉన్న దేశపు కంపెనీ పారిస్‌కు పెద్ద ఎయిర్‌బస్ నడిపిందంటే చూడండి. అదే ఊపులో ఎతిహాద్ మన జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం, ఇటలీ వాళ్ల అలిటాలియాలో 49 శాతం, జర్మనీ వాళ్ల ఎయిర్ బెర్లిన్‌లో ఇంకొంత వాటా పట్టుకుంది. 2017లో అలిటాలియా, ఎయిర్ బెర్లిన్ రెండూ దివాలా తీశాయి, 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోయింది. ఎయిర్ సీషెల్స్ 2018లోనే పారిస్ మానేసి పెద్ద విమానాలు వెనక్కి ఇచ్చేసింది, కానీ ఎతిహాద్ గుంపుతో కలిసి బాండ్ల మీద తెచ్చిన అప్పు మాత్రం మెడకు చుట్టుకుంది, ఏడు కోట్ల డాలర్ల పైన. ఆ దేశంలో తలకు ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి. 2021లో ఎతిహాద్ వాటా వదులుకుని వెళ్లిపోయింది, ఎయిర్ సీషెల్స్ అప్పులవాళ్ల నుంచి రక్షణ కోసం అడ్మినిస్ట్రేషన్‌లోకి (అంటే కంపెనీని బయటి నిర్వాహకుల చేతికి అప్పగించడం) పోయి, తర్వాత తేరుకుంది.

మారిషస్ కాస్త తెలివిగా నడిచిందనిపిస్తుంది నాకు. దుబాయ్ దారిలో ఎమిరేట్స్‌తో, పారిస్ దారిలో ఎయిర్ ఫ్రాన్స్‌తో పొత్తు పెట్టుకుంది, ఎవరితోనూ మరీ మునిగిపోకుండా. (2020లో వాళ్ల కంపెనీ ఎయిర్ మారిషస్‌కీ అడ్మినిస్ట్రేషన్ తప్పలేదనుకోండి, పాత నష్టాలకు కరోనా తోడైంది.) మనకు మారిషస్‌తో ఉన్న చిక్కు వేరే. తెలుగువాళ్లున్న దేశం, ఉగాదికి సెలవిచ్చే దేశం, ఆ పేరు చెబితేనే మనవాళ్లకు ఓ అభిమానం. 2024 ఏప్రిల్‌లో చెన్నై నుంచి డైరెక్టు విమానం మళ్లీ మొదలైందనగానే ఎగిరి గంతేశా, తీరా చూస్తే వారానికొక్కటి. అంటే పోయినవాళ్లు వారం ఉండాల్సిందే. నాలుగు రాత్రులు ఐదు పగళ్లు, ఇదీ మన లెక్క. రొయ్యల చెరువులున్నాయన చెరువు వదిలి వారం ఉండడు, ఒంగోలు గ్రానైట్ వ్యాపారీ అంతే. యూరప్ నుంచి వచ్చేవాళ్లు పది రోజులు, రెండు వారాలు ఉంటారు కాబట్టి వాళ్లకు ఈ బాధ తెలియదు. జనం వస్తే విమానాలు పెంచుతామని కంపెనీ, విమానాలుంటే వస్తామని జనం. ఈ ముడి విప్పాల్సింది ఆ దేశ ప్రభుత్వమే, మొదటి ఏడాది ల్యాండింగ్ చార్జీలు తగ్గించో, ప్రచారం ఖర్చు చెరిసగం పెట్టుకునో, ఖాళీ సీట్ల నష్టంలో కొంత భరించో.

విమానం దిగే టైము కూడా చూసుకోవాలి. మాల్దీవుల్లో దూరపు రిసార్టులకు సీప్లేన్‌లో (నీళ్ల మీద దిగే చిన్న విమానం) పోవాలి, అవి పగటిపూటే ఎగురుతాయి. మధ్యాహ్నం మూడున్నర దాటాక మాలెలో దిగితే చాలాసార్లు ఆ రాత్రికి పక్కనే ఉన్న హుల్హుమాలె దీవిలో హోటల్ తీసుకోక తప్పదు, ఐదు రోజుల్లో ఒకటి గోవిందా.

ఇక ఆ దీవుల వాళ్లు అసలు చూడని పుస్తకం ఒకటుంది, మన పంచాంగం. యూరప్ వాళ్లు వాళ్ల చలికాలంలో ఎగబడతారు, అప్పుడు మాల్దీవుల రేట్లు మండిపోతాయి. మే వచ్చేసరికి రిసార్టులు రేట్లు దించి పిలుస్తుంటాయి, సరిగ్గా అప్పుడే మనకు వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు, పిల్లల సెలవులు. మే నుంచి అక్కడ వానలు నిజమే, కానీ రోహిణీ కార్తెలో నెల్లూరులో ఉన్నవాడిని వాన పేరు చెప్పి భయపెట్టలేరు. ఆషాఢంలో మాత్రం ఎంత తగ్గించినా కొత్త జంటలు కదలవు, ఆ నెలకు ఆఫర్లు పెట్టి డబ్బు తగలెయ్యొద్దు. శ్రావణంలో మళ్లీ గిరాకీ ఉంటుంది. నెల్లూరు దగ్గర అనుకుంటున్న దగదర్తి ఎయిర్‌పోర్టు వచ్చేదాకా మన ఎయిర్‌పోర్టు చెన్నైయే కాబట్టి, ఈ ముహూర్తాల నెలల్లో అక్కడి నుంచి వారానికి మూడు విమానాలు వేసి, మా నెల్లూరు, ఒంగోలు ఏజెంట్లకు కొన్ని సీట్లు ముందుగా బ్లాక్ చేసి ఇవ్వండి, అమ్మిపెట్టే పని మాది. డిపాజిట్ మాత్రం మరీ ఎక్కువ అడగొద్దు.