మిర్చి ఏరిన చేతులు

మన పదో తరగతి వాళ్ళం మళ్ళీ కలుసుకోబోతున్నాం కదా, అందుకే ఈ జ్ఞాపకం రాస్తున్నాను. 1997 ఫిబ్రవరి. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి. కూలీలు దొరకక అమ్మ నన్ను కూడా మిర్చి ఏరడానికి తీసుకుపోయింది. తొమ్మిది రోజులు బడికి రాలేదు. నర్సంపేట చుట్టుపక్కల పిల్లలకు ఆ పని సంగతి చెప్పనక్కర లేదు. కాయలు తుంచీ తుంచీ వేళ్ళ చివర చర్మం పగులుతుంది, ఆ పగుళ్ళలోకి ఘాటు దిగుతుంది. రాత్రుళ్ళు మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చునేవాళ్ళం.

పదో రోజు తరగతిలో అడుగుపెట్టేసరికి ఇంగ్లిషు సారు బోర్డు మీద ఒక జాతీయం రాసి ఉంచారు. మాటకు మాట చెప్పుకుంటే, గాయంలో ఉప్పు రుద్దడం. మన వాళ్ళు ఏమంటారని అడిగితే ముందు బెంచీ నుంచి వెంటనే జవాబు వచ్చింది, పుండు మీద కారం చల్లడం అని. సారు అక్కడితో వదల్లేదు. "నిజంగా ఎవరికైనా పడిందా?" అన్నారు. నేను చేతులు ఎత్తి చూపించాను.

ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని ఆయన అడగలేదు. నా వేళ్ళు చూసి, "ఎలా ఉంటుందో వీళ్ళకు చెప్పమ్మా" అన్నారు.

అంతకు ముందు నేను చదివిన వేరే బడిలో నా ఇంగ్లిషు పేపరు పైకి చదివి అందరినీ నవ్వించారు. ఆ తర్వాత ఇంగ్లిషు పీరియడులో నేను నోరు తెరిచింది ఆ రోజే. మొదట చురుక్కుమంటుందని, తర్వాత మంట మణికట్టు దాకా పాకుతుందని, నీళ్ళతో కడిగితే ఇంకా ఎక్కువవుతుందని చెప్పాను. సారు అంతా విని, "ఒక్కోసారి మాట కూడా ఇంత పని చేస్తుంది" అని మాత్రం అని, మిరపకాయ కథలోకి వెళ్ళారు. అది మన దేశానికి పోర్చుగీసువాళ్ళతో వచ్చిందట. రుద్రమదేవి ఏలిన ఓరుగల్లులో మిరపకాయే లేదు! అప్పటి మనుషులు పుండు మీద ఏం చల్లేవారో అని మేము ఇంటర్వెల్లులో కూడా వాదించుకున్నాం.

ఆ వారమంతా గాయాల పాఠమే. క్విక్ అంటే వేగం అనుకునేవాళ్ళం. దాని పాత అర్థం ప్రాణమున్నది అని. గోరు కింద ఉండే లేత మాంసానికి కూడా అదే పేరు. మనసు నొప్పించిన మాట అక్కడిదాకా కోసిందంటారు ఇంగ్లిషువాళ్ళు. సారు అందరి చేతా గోటి కింద పెన్సిలు మొనతో మెల్లగా నొక్కించారు. నాకైతే నొక్కనక్కర లేకపోయింది. తూటాను కొరకడం అనే జాతీయానికి మాత్రం ఒక్క నిమిషం కూడా పట్టలేదు. పంటి బిగువున ఓర్చుకోవడం మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిందే.

గాయానికి అవమానం జోడించడం దగ్గర చాలాసేపు ఆగాం. గోరుచుట్టు మీద రోకటి పోటు అన్నాం. సారు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఆయనదే సరైన మాట అనుకుంటాను. రోకటి పోటులో నొప్పి మీద నొప్పి ఉంది గాని వెక్కిరింపు లేదు. ఈ జాతీయం వెనక రోమను కవి ఫేద్రస్ చెప్పిన కథ ఉంది. బట్టతల మనిషిని ఈగ కుడుతుంది. దాన్ని చంపబోయి అతను తన నెత్తిన తానే కొట్టుకుంటాడు. అప్పుడు ఈగ ఎగతాళి చేస్తుంది. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది దెప్పిపొడుపు. ఆ మాటలోనే పోటు ఉందని అప్పటిదాకా గమనించనే లేదు. నొచ్చుకోవడంలో నొప్పి ఉన్నట్టే.

ఫేద్రస్ లాటినులో వాడిన మాటకు అసలు అర్థం గాయం కాదు, అన్యాయం. ఇంజురీ అనే ఇంగ్లిషు మాట దాని నుంచే వచ్చింది. ఈ సంగతి నాకు లా చదివేటప్పుడు పనికొచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 44వ సెక్షన్ ప్రకారం శరీరానికే కాదు, మనసుకు, పరువుకు, ఆస్తికి చట్టవిరుద్ధంగా చేసిన హాని కూడా ఇంజురీయే. 319వ సెక్షన్‌లోని హర్ట్ మాత్రం శరీరానికి కలిగించే నొప్పి, జబ్బు, అశక్తత. 2024లో దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఈ తేడా అలాగే ఉంది. బయట అందరూ మనసు నొచ్చుకుంటే హర్ట్ అయ్యాను అంటారు. చట్టం ఆ మాటను ఒంటికి ఉంచుకుని, మనసును ఇంజురీ కింద పెట్టింది. హనుమకొండలో నా దగ్గరికి కేసుతో వచ్చేవాళ్ళు కట్టు విప్పి దెబ్బ చూపించడం కన్నా ముందు, ఎదుటివాడు నలుగురిలో ఏమన్నాడో చెప్తారు. నేను తొందరపెట్టను. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకుంటాను.

ఆనాటి నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. ఎడమ పక్క ఇంగ్లిషు జాతీయం, కుడి పక్క తెలుగు. ఓడిపోయినవాడు ఒక మూల చేరి తేరుకోవడాన్ని ఇంగ్లిషువాళ్ళు గాయాలు నాక్కోవడం అంటారు. దాని ఎదురుగా కుడి పక్క ఇప్పటికీ ఖాళీ. సారు కూడా అప్పుడు, "మీలో ఎవరికైనా తడితే రాయండి" అని వదిలేశారు. కలుసుకునే రోజున పుస్తకం తెస్తాను. మన తరగతి వాళ్ళలో ఎవరికి తట్టినా ఆ గీత మీద రాసి సారుకు చూపించండి.