ఐదు ఎంబ్రియోలు, అందులో ఒక మొజాయిక్

రెండోసారి గర్భం తొమ్మిదో వారంలో పోయినప్పుడు ఆ కణజాలాన్ని టెస్టుకు పంపారు. 16వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడున్నాయని రిపోర్టు వచ్చింది. అప్పటిదాకా మెట్లు ఎక్కువ ఎక్కానా, ఆ రోజు ఆఫీసులో అంతసేపు నిలబడకుండా ఉండాల్సిందా, ఆ జ్వరం మాత్ర వేసుకోకూడదా అని నన్ను నేనే తవ్వుకుంటూ కూర్చున్నదాన్ని, ఆ కాగితం చూశాక చాలా రోజులకి ఒక రాత్రి సరిగ్గా నిద్రపోయాను. నేను చేసిందేమీ లేదు. మొదట్లోనే లెక్క తప్పింది, అంతే.

మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం ఇలా క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే పోతాయట. మొదటిసారి పోయినప్పుడు ఈ ముక్క ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో. మన అండాలు మనం అమ్మ కడుపులో ఉండగానే తయారై, సగం పని దగ్గర ఆగిపోయి ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ మిగతా సగం పనిలో, అంటే క్రోమోజోములు పంచుకోవడంలో, పొరపాట్లు పెరుగుతాయి. నాకప్పటికి 38. ఐవీఎఫ్ చేసి, ల్యాబ్‌లో తయారైన పిండాల్ని, అంటే ఎంబ్రియోల్ని, గర్భంలో పెట్టకముందే పీజీటీ-ఏ అనే టెస్టు చేయిద్దాం, 23 జతల క్రోమోజోములూ సరిగ్గా ఉన్నాయో లేదో తెలిసిపోతుంది అన్నారు డాక్టరుగారు.

"టెస్ట్ చేస్తే మంచి బిడ్డ పుడుతుంది" అని నాకు అర్థమైంది. అదే నేను చేసిన తప్పు. ఈ టెస్టు ఏ ఎంబ్రియోనూ బాగు చేయదు. ఉన్నవాటిలో దేన్ని ముందు పెట్టాలో, దేని మీద ఆశ పెట్టుకోకపోతే మంచిదో చెబుతుంది. చేతిలో ఐదుంటే టెస్టు తర్వాత ఆరు కావు, తగ్గుతాయి.

తగ్గడమంటే ఏంటో అప్పటికే చూశాం. 13 అండాలు తీశారు, పదే పక్వానికి వచ్చాయి, ఎనిమిది ఫలదీకరణ చెందాయి, ఐదో రోజుకి మూడు, ఆరో రోజుకి ఇంకో రెండు బ్లాస్టోసిస్ట్ దశకి చేరాయి. ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే ఎత్తేది మా ఆయనే, నేను ఆయన మొహం చూస్తూ అంకె ఎంతో ఊహించుకునేదాన్ని.

బ్లాస్టోసిస్ట్ అంటే వంద, రెండొందల కణాల బుడగ. లోపల ఒక పక్కనున్న ముద్ద బిడ్డవుతుంది, బయటి పొర మావి అవుతుంది. లేజర్‌తో చిన్న రంధ్రం చేసి ఆ బయటి పొరలోంచే ఐదు నుంచి పది కణాలు తీసి టెస్టుకు పంపుతారు, ఎంబ్రియోని మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఫ్రీజ్ చేస్తారు. 1990లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో అలన్ హ్యాండీసైడ్ బృందం ఇలాంటి పరీక్ష మొదలుపెట్టినప్పుడు మూడో రోజు ఎంబ్రియోలోంచి ఒకే ఒక్క కణం తీసేవారట. అప్పుడు చూసింది కూడా ఆడా మగా అన్నదొక్కటే, ఎందుకంటే ఆ కుటుంబాల్లో ఉన్నవి ఎక్కువగా మగపిల్లలకే వచ్చే జబ్బులు.

మా రిపోర్టు మూడు వారాలకి వచ్చింది. రెండు నార్మల్, రెండు అబ్‌నార్మల్, ఒకటి మొజాయిక్.

"ఆ మొజాయిక్‌ని డిస్కార్డ్ చేసేయమంటారా మేడమ్?" అని ఫోన్‌లో అడిగింది క్లినిక్ అమ్మాయి, అపాయింట్‌మెంట్ మార్చమంటారా అన్నంత మామూలుగా. మొజాయిక్ అన్న మాట నేను వినడం అదే మొదటిసారి. ఫారంలో ఉందట, సంతకం కూడా పెట్టానట. రెండు రోజులు టైమ్ అడిగి చదవడం మొదలుపెట్టాను.

తీసిన కణాల్లో కొన్ని నార్మల్, కొన్ని కాదు, అదీ మొజాయిక్ అంటే. మాదాంట్లో నార్మల్ కానివి 35 శాతం. ఈ శాతం కూడా కణాల్ని విడివిడిగా లెక్కపెట్టి చెప్పేది కాదు, అన్నిటి డీఎన్‌ఏ కలిపి చదివి వేసే అంచనా. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా, ఇక్కడ ఆ సామెత పనిచేయదు. గిన్నెలో ఒక మూల ఉడికి ఇంకో మూల ఉడకకపోతే ఏ మెతుకు పట్టుకున్నావన్నదే సమాధానమైపోతుంది. పైగా పట్టుకున్నది మావి వైపు మెతుకు, బిడ్డ వైపుది కాదు. 2015లో ఇటలీ డాక్టర్లు ఒక పేపర్ వేశారు: నార్మల్ ఎంబ్రియోలు ఒక్కటీ లేని 18 మందికి మొజాయిక్‌వి పెడితే ఆరుగురికి ఆరోగ్యంగా పిల్లలు పుట్టారు. అంతకుముందు అలాంటివి ఎన్ని చెత్తలోకి పోయాయో! డిస్కార్డ్ వద్దని చెప్పాను.

అందుకే ఎవరైనా నన్నడిగితే, టెస్టుకు ఒప్పుకునే ముందే మొజాయిక్ వస్తే ఏం చేస్తారని డాక్టర్ని అడగమంటాను. పెడతారా, దాచిపెడతారా, అసలు రిపోర్టులో రాస్తారా? రిపోర్టు చేతిలోకొచ్చాక ఆ టెన్షన్‌లో బుర్ర పనిచేయదు.

ఇంకొకటి, అందరికీ ఇది అవసరం లేదు. 2021లో చైనాలో 20 నుంచి 37 ఏళ్ల మధ్య 1,212 మంది మీద చేసిన అధ్యయనంలో పిల్లలు పుట్టింది పీజీటీ-ఏ చేయించినవాళ్లలో 77.2 శాతం మందికి, చేయించనివాళ్లలో 81.8 శాతం మందికి. వాళ్లంతా కనీసం మూడు మంచి బ్లాస్టోసిస్టులు వచ్చినవాళ్లు. అలాంటివాళ్లకి టెస్టు పెద్దగా చేసిందేమీ లేదన్నమాట.

మా ఫ్రెండ్ సంగతి పూర్తిగా వేరు. భార్యాభర్తలిద్దరూ తలసీమియా క్యారియర్లు, అంటే తమకి జబ్బు లేకపోయినా ఆ జన్యువుని మోసేవాళ్లు, పెద్దబాబుకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ప్రతి గర్భంలోనూ బిడ్డకి ఆ జబ్బు వస్తుందేమోనని నాలుగింట ఒక వంతు భయం. వాళ్లది పీజీటీ-ఎం, అంటే ఆ ఒక్క జన్యువు కోసం వెతికేది. ముందు వాళ్లిద్దరి రక్తం, బాబు రక్తం తీసుకుని ల్యాబ్ వాళ్లు వాళ్ల కుటుంబానికి సరిపోయే టెస్టు తయారుచేశారు, దానికే చాలా వారాలు పట్టింది. అవసరమా కాదా అన్న చర్చ వాళ్లింట్లో ఒక్క రోజు కూడా జరగలేదు. ఈ మధ్య ఎత్తుకీ తెలివితేటలకీ స్కోర్లు వేసే టెస్టులు కూడా అమ్ముతున్నారు, వేల జన్యువుల తేడాలు కూడి వేసిన ఊహని రిపోర్టు అనడం నాకు నచ్చదు, అక్కడితో వదిలేస్తున్నా.

మొదటి నార్మల్ ఎంబ్రియో నిలవలేదు. "నార్మలే కదా, మరెందుకు?" అని డాక్టరుగారి ముందే ఏడ్చాను. క్రోమోజోములు సరిగ్గా ఉన్నంత మాత్రాన అన్నీ సరిగ్గా ఉన్నట్టు కాదమ్మా అన్నారు. ఆ మాట టెస్టుకు ముందు చెప్పుంటే బాగుండేది. రెండోది నిలిచింది. ఎంబ్రియో టెస్టు కూడా తప్పొచ్చని పదహారో వారం దాటాక ఉమ్మనీరు పరీక్ష చేయించుకున్నాం, ఆ రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.

పాపకిప్పుడు రెండేళ్లు. మొజాయిక్‌ది ఇంకా ఆ ట్యాంకులోనే ఉంది. ఏటా క్లినిక్ నుంచి ఒక ఫారం వస్తుంది: ఉంచాలా, పరిశోధనకి ఇస్తారా, తీసేయాలా అని మూడు గళ్లు. నాకు ఇప్పుడు 41, ఇంకొకరిని కనే ఉద్దేశం మా ఇద్దరికీ లేదు. ఈసారి ఏ గడిలోనూ టిక్ పెట్టకుండా పంపేశాం. ఫోన్ చేసి "మేడమ్, టిక్ పెట్టలేదు" అన్నారు. ఇంకో వారం ఆగమన్నాను.